ఏడో మెట్టు

మంగళవారం ఉదయం 10:20కి రసజ్ఞ అతిథుల షీటులో నాలుగో రోజు మధ్యాహ్నం 12:30 గడిలో తన అక్క ఇంటి చిరునామా రాసింది. అలా రాయడం పదకొండోసారి.

ఆ గడి పక్కన ఇంకో నాలుగు గడులుంటాయి. మెట్లు ఎన్ని, బాత్రూమ్ ఎంత దూరం, కూర్చోడానికి ఏముంది, నీడ ఉందా. ఇవి నింపకపోతే షీటు ముందుకు పోదు. ఓడల్లో తిరిగేవాళ్ళు ఎక్కువ మంది అరవై దాటినవాళ్ళు. రసజ్ఞ మెట్ల గడిలో 11 కొట్టింది. కింద గమనికలో 'ఏడో మెట్టు మిగతావాటికంటే ఎత్తు తక్కువ. ఎడమవైపు గోడ పట్టుకుని ఎక్కాలి' అని రాసింది.

ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, ఎనిమిదో అంతస్తులో. ఓడ దిగినవాళ్ళు ఆ ఊళ్ళో వారం రోజులు ఏ పూట ఎక్కడికి వెళ్ళాలో రాసిచ్చే డెస్క్ అది. తొమ్మిది మంది పని చేస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో రేవు. రసజ్ఞది విశాఖపట్నం. మిగతా ఎనిమిది మంది తమ రేవులను చూడలేదు. టూరిస్టులు తీసిన వీడియోలు పెట్టుకుని, ఆపి, పెన్ను కొనతో తెర మీద మెట్లు లెక్కపెడతారు. పక్క కుర్చీలో కూర్చుని కొచ్చి రేవు పని చూసే పింకీ ఆ ఉదయం ఒకే మెట్లను మూడుసార్లు లెక్కపెట్టింది. మూడు అంకెలు వచ్చాయి. పెద్దది రాసింది.

రసజ్ఞ వీడియోలు చూడదు.

10:45కి ఫోన్ వచ్చింది. ఈ షీటు ఎవరి కోసమో ఆయనే. పార్థసారథి, డెబ్భై ఒకటి, ఉండేది బెంగళూరు, రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. భార్యతో చెన్నైలో ఓడెక్కుతున్నారు. సోమవారం విశాఖపట్నంలో దిగుతారు.

"అమ్మాయ్, సబ్‌మెరైన్ బయటినుంచే చూడమన్నావేం?"

"లోపల తలుపులు గుండ్రంగా ఉంటాయండి. కాలెత్తి దాటాలి. ఒకటి కాదు, వరసగా ఉంటాయి."

"సరే. బొర్రా గుహలు పెట్టనే లేదు."

"దిగడం దిగుతారండి. ఎక్కడమే కష్టం. కావాలంటే ఆంటీ గారు వెళ్ళొస్తారు, మీరు పైన కాఫీ తాగుతూ కూర్చోవచ్చు."

"నలభై ఆరేళ్ళలో ఆవిడ నన్నొదిలేసి చూసొచ్చింది ఒక్కటీ లేదు. ఇప్పుడు అలవాటు చెయ్యకు." అవతల ఆడగొంతు ఏదో అంది. ఆయన నవ్వారు. "నాలుగో రోజు భోజనం హోటల్లో కాదా?"

"ఇల్లండి. వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ వెనక సందు. ముందు రోజు చెబితే వండుతారు."

"ఎవరిల్లు?"

"సుబ్బలక్ష్మి గారని."

"ఏడో మెట్టు ఎత్తు తక్కువని రాశావు. నువ్వెక్కి చూశావా ఏంటి?"

రసజ్ఞ మౌస్ మీంచి చెయ్యి తీసింది.

"ఎక్కానండి."

"అయితే సరే. చూసినవాళ్ళు రాస్తే వేరు," అన్నారు పార్థసారథి.

ఆరింటికి షిఫ్ట్ అయింది. రసజ్ఞ ఉండే గది టవర్ల వెనక, పాత ఊళ్ళో. నడిస్తే పన్నెండు నిమిషాలు. పొద్దున నడుస్తుంది, సాయంత్రం షేర్ ఆటోలో వస్తుంది. కింద ఇల్లుగల కిష్టమ్మ గడప ముందు కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తోంది. గింజలొక డబ్బాలో, ఈనెలు కింద పరిచిన పేపర్ మీద.

"ఏం బిడ్డా, ఇయ్యాల ఏ ఊరు సూపిచ్చినవ్?"

"వైజాగేనండి."

"రోజు గదేనాయె. మందికి సూపిచ్చుడే గని నువ్వు పోవేంది? ఆడ నీకు ఎవ్వరు లేరా?"

"ఉన్నారండి. అక్క."

కిష్టమ్మ గింజ తీయడం ఆపి తలెత్తింది. "నాలుగేండ్ల సంది ఉంటున్నవ్, ఒక్కనాడు జెప్పకపోతివి. మరి ఆమె రాదేంది? నువ్వు పోవేంది?"

"సెలవు దొరకదండి."

"గట్ల సెలవియ్యని నౌకరి ఏం నౌకరి." ఆమె తీసిన చింతపండులో ఇంత ముద్ద చేసి, పేపర్ ముక్కలో చుట్టి అందించింది. "చారు వెట్టుకో. ఒక్కదానివని పాలు తాగి పండకు."

రసజ్ఞ పైకి వెళ్ళి చారు పెట్టుకుంది. రెండు గరిటెలు పోసుకుంది. మిగిలింది గిన్నెతో ఫ్రిజ్‌లో పెట్టింది.

బుధవారం ఉదయం పోయిన వారం అతిథులు, పుణె దంపతులు, ఫొటోలు పంపారు. నలభై ఆరు. తిరిగొచ్చినవాళ్ళు ఫొటోలూ అభిప్రాయమూ పంపితే వాటిని రోజులవారీగా విడదీసి షీటుకు జత చెయ్యడం కూడా డెస్క్ పనే. రసజ్ఞ నాలుగో రోజు ఫొటోలు ముందు తీసింది. ఐదున్నాయి.

మొదటిది ఆకు. ముద్దపప్పు, వంకాయ కూర, ఆనపకాయ పులుసు, కంది పచ్చడి. రెండోది నెయ్యి వడ్డిస్తున్న చెయ్యి. మణికట్టు వరకే పడింది. రసజ్ఞ ఫొటోను రెండింతలు చేసి బొటనవేలు చూసింది. మూడు షీట్ల కిందట ఆ వేలికి కట్టు ఉంది. ఇప్పుడు లేదు. మూడో ఫొటోలో గోడకు అమ్మ పటం, దానికి ఆ రోజు పూలు.

అమ్మను ఆస్పత్రిలో చేర్చామని అక్క ఫోన్ చేసినప్పుడు రసజ్ఞ షిఫ్ట్ అయ్యాక బయల్దేరతానంది. "షిఫ్ట్ అయ్యాక అక్కర్లేదులే," అని అక్క పెట్టేసింది. రసజ్ఞ వెళ్ళేసరికి అంతా అయిపోయింది. పదకొండో రోజు వరకు ఆ ఇంట్లో ఉంది. అక్క వడ్డించింది, మాట్లాడలేదు. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

నాలుగో ఫొటో వీధి. ఐదోది కిందినుంచి తీసిన మెట్లు. కుడివైపు స్టీలు రెయిలింగు ఉంది. ఇంతకుముందు ఏ ఫొటోలోనూ లేదు. రెయిలింగు పాతినచోట సిమెంటు ఇంకా ఆరలేదు, నల్లగా ఉంది. పుణె ఆవిడ మెట్ల మధ్యలో ఉంది. ఆమె చీర అడ్డొచ్చి ఏడో మెట్టు కనిపించలేదు. అభిప్రాయం గడిలో ఐదుకి ఐదు వేసి, 'ఆవిడ కిందికి దిగొచ్చి చెయ్యి పట్టుకుని ఎక్కించారు' అని రాశారు.

"ఇంకోటి వచ్చిందా?" వెనక రాకేశ్ నిలబడి ఉన్నాడు. డెస్క్‌కు టీమ్ లీడ్. శేరిలింగంపల్లివాడు. కాఫీ కప్పుతోనే తిరుగుతాడు. "పదిట్ల పది ఫైవ్ స్టారే. గీమె ఎవరో గని హోటళ్ళన్నిటికీ సుక్కలు సూపిస్తున్నది. లిస్టుల పెడదాం."

"లిస్టులోనా?"

"అవ్. నీ షీట్లనే గాదు. దిగిన ప్రతి ఓడకి. సీజన్ మొత్తం."

"ఆవిడ ఒక్కరే వండుతారు, రాకేశ్ గారు."

"మనిషిని వెట్టుకుంటది. నువ్వెందుకు ఫికర్ చేస్తవ్? ఆమెకు మంచిదే గద." అతను వంగి ఫొటోలో ఆకు చూశాడు. "రెండు ఫారాలు. నీదొకటి, ఆమెదొకటి. నీ దాంట్ల ఏం లేదు, టిక్కులే. జర ఐదోది మాత్రం చూసుకోని కొట్టు. సాయిచంద్ యాదికున్నడు గద."

సాయిచంద్ గోవా డెస్క్ చూసేవాడు. బావమరిది హోటలు లిస్టులో పెట్టి, చుట్టం కాదని రాశాడు. తెలిసిన రోజు మధ్యాహ్నమే ఆఫీసు కార్డు ఇచ్చి వెళ్ళిపోయాడు. అతని కుర్చీలో ఇంకా ఎవరినీ వెయ్యలేదు.

ఫారంలో ఐదో ప్రశ్న: 'ఈ స్థలం నడిపేవారితో మీకు బంధుత్వం ఉందా?' ఉంది, లేదు. ఉంది అంటే ఆ ఇల్లు లిస్టులోకే కాదు, ఏ షీటులోకీ రాదు. రసజ్ఞ 'ఉంది' నొక్కింది. కింద కొత్త వరస తెరుచుకుంది. 'ఏమవుతారు?' కర్సరు ఆ వరసలో కొట్టుకుంటూ ఉంది. ఆమె వెనక్కి వచ్చి 'లేదు' నొక్కింది. వరస మూసుకుపోయింది.

4:10కి ఫారం పంపింది. అక్క నింపాల్సిన ఫారం విశాఖపట్నంలో అతిథులను తిప్పే డ్రైవరు రామాంజనేయులుకు వెళ్ళింది. రసజ్ఞ పదకొండు షీట్లలోనూ అక్క ఫోన్ నంబరు ఉండాల్సిన చోట అతని నంబరే ఇచ్చింది.

గురువారం ఒంటిగంటా పావుకు రామాంజనేయులు ఫోన్ చేశాడు. రసజ్ఞ టిఫిన్ డబ్బా మూసి, లిఫ్టుల దగ్గరికి వెళ్ళి మాట్లాడింది.

"కాయితం ఇచ్చానండి మేడమ్. కళ్ళజోడు తెచ్చుకుని మరీ చదివారండి."

"నింపారా?"

"నెమ్మదిగా రాస్తాను, రేపు రా అన్నారండి. నాకు మజ్జిగ ఇచ్చారు. ప్రతి ఓడకీ మీ ఇల్లేనంటండి, ఇక మీకు తీరికుండదు అంటే, ఊఁ అన్నారంతే."

"ఆ ఫారం ఎవరు పంపారని అడిగారా?"

"ఇన్నాళ్ళలో ఒక్క మారు కూడా అడగలేదండి. మొదటిసారి నేనే, హైదరాబాదు ఆఫీసండీ అని చెప్పబోయాను. తెలుసులే అన్నారు."

లిఫ్టు తెరుచుకుంది. ఎవరూ దిగలేదు. మూసుకుంది.

"రెయిలింగు ఎప్పుడు పెట్టించారు?" అంది రసజ్ఞ.

"పది రోజులైందండి. మేస్త్రీని నేనే తీసుకెళ్ళాను. ఎలాగూ సిమెంటు కలిపాం కదా, ఆ ఏడో మెట్టు కూడా ఎత్తు చేసేద్దామన్నాడండి అతను. వద్దన్నారు. పెద్దోళ్ళు పడతారేమోనమ్మా అన్నాను నేను. షీటులో రాసుంది కదా, చూసుకునే ఎక్కుతార్లే అన్నారండి."

రసజ్ఞ ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది.

"మేడమ్, లైన్లో ఉన్నారా?"

"ఉన్నాను. రేపు ఫారం తీసుకోగానే పంపండి."

ఆ సాయంత్రం కిష్టమ్మ గడప ముందు లేదు. తాళం వేసి ఉంది. రసజ్ఞ ఫ్రిజ్‌లోంచి మంగళవారం చారు తీసి, వేడి చేసి, ఒక గరిటె పోసుకుంది. తినేసి ఫోన్‌లో పుణె వాళ్ళ ఫొటో మళ్ళీ తెరిచి మెట్లు లెక్కపెట్టింది. చీర అడ్డున్నచోట ఒకటి కలుపుకుంటే పదకొండు.

శుక్రవారం 3:35కి ఫారం వచ్చింది. అది నేరుగా రాకేశ్‌కు వెళ్తుంది. రెండు ఫారాలనూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న వరసకు ఎరుపు రంగు వేసే పని సాఫ్ట్‌వేరుది. 4:40కి రాకేశ్ ఆమెను అద్దాల గదిలోకి పిలిచాడు. కాఫీ కప్పు లేదు.

"కూసో." అతను స్కాన్ కాగితాన్ని బల్ల మీద ఆమె వైపు తిప్పాడు. "నువ్వు లేదంటవ్. ఆమె ఉన్నదంటది. ఏంది గిది?"

ఫారం పెన్నుతో, తెలుగులో నింపి ఉంది. అక్షరాలు గడి దాటలేదు. ఫోన్ గడిలో రామాంజనేయులుది కాదు, అక్క తన కొత్త నంబరు రాసింది. ఐదో ప్రశ్న, ఈ ఆఫీసులో ఎవరితోనైనా బంధుత్వం ఉందా అన్నదానికి 'ఉంది'. ఏమవుతారు అన్నచోట 'చెల్లెలు. పేరు రసజ్ఞ'. దాని కింద వివరాల గడిలో రెండు వరసలు:

'ఏడో మెట్టు ఎత్తు తక్కువని మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. మొదటి షీటు చూసినప్పుడే తెలిసింది.'

రసజ్ఞ చదివి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"షీటు ఆమెకెట్ల దొరికింది?" అన్నాడు రాకేశ్.

"అతిథుల ఫోన్లలో ఉంటుంది కదండీ. చూపించి ఉంటారు."

అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "చూడు రసజ్ఞా. నిన్ను పంపిచ్చి వైజాగ్ డెస్క్‌కు ఇంకొకల్ని తెచ్చుకునుడు నాకు పరేషానే. ఒక్క లైను రాయి. గీమె ఎవరో నాకు తెల్వది, పొరపాటున రాసిందని రాయి. ఆడోళ్ళు ఏదో చుట్టరికం కలుపుకుంటరు, గంతే అనుకుంటరు. ఆ ఇంటి స్టాపు తీసేస్తం, ఫైలు మూసేస్తం. నీ నౌకరి నీకుంటది."

"అలా రాస్తే ఆవిడకి ఏమవుతుంది?"

"ఏమైతది? తప్పు చెప్పినోళ్ళ లిస్టుల వడతది. ఏ కంపెనీ ఆమెకు గెస్టులను పంపది. నువ్వు ఉన్నదని రాస్తే నీది సోమారం హెచ్‌ఆర్‌కు పోతది. ఆడ నా మాట నడవది. సాయిచంద్‌కు నడ్వలే." అతను వాచీ చూసుకున్నాడు. "ఆరు దాకా నా దగ్గర్నే ఉంటది ఫైలు."

"ఈ కాగితం నేను తీసుకోవచ్చా?"

"కాపీనే గద. తీస్కో."

ఆమె కాగితాన్ని మడవకుండా పట్టుకుని కుర్చీకి వచ్చింది. పింకీ ఏమిటన్నట్టు చూసింది. రసజ్ఞ కాగితాన్ని కీబోర్డు కింద, అంచు బయటికి కనిపించేలా పెట్టింది. పెండింగులో ఉన్న రెండు షీట్లు పూర్తి చేసింది. రుషికొండలో కూర్చునే బెంచీల గడి ఖాళీగా ఉంటే నింపింది. భీమిలి చేరేసరికి ఎండెక్కుతుందని బయల్దేరే వేళను అరగంట ముందుకు జరిపింది.

5:52కి తన ఫారం తెరిచి 'సవరించు' నొక్కింది. ఐదో ప్రశ్నకు 'ఉంది'. వరస తెరుచుకుంది. 'అక్క' అని రాసి పంపింది.

పార్థసారథి షీటులో నాలుగో రోజు 12:30 గడి దానంతటదే ఖాళీ అయింది. ఖాళీ గడి ఉంటే షీటు ముందుకు పోదు. ఆమె లిస్టులోంచి బీచ్ రోడ్డు మీది ఒక హోటలు తీసి అందులో పెట్టింది. మెట్లు: 0. లిఫ్టు ఉంది. గమనిక దగ్గర రాయడానికి ఏమీ లేదు. తర్వాత ఆయనకు ఫోన్ చేసింది.

"గురువారం భోజనం మారిందండి. హోటల్లో పెట్టాను."

"అయ్యో. ఆ ఇల్లేమైంది? మా ఆవిడ రెండు రోజుల్నుంచి ఆ భోజనం గురించే మాట్లాడుతోంది."

"ఆవిడ మా అక్కండి. చుట్టాల ఇల్లు పెట్టకూడదని రూలు."

"మొన్న సుబ్బలక్ష్మి గారన్నావే."

"అన్నానండి."

"ఊఁ," అన్నారు పార్థసారథి. "మెట్లు ఉండవా మరి?"

"ఉండవండి."

"సరేనమ్మా. జాగ్రత్త."

6:05కి రాకేశ్ తన తెర మీద సవరణ చూశాడు. లేచి ఆమె దగ్గరికి వచ్చాడు.

"కార్డు ఇచ్చిపో," అన్నాడు. "సోమారం పదింటికి కింద రిసెప్షన్ల కూసో. వాళ్ళే పిలుస్తరు."

ఆమె మెడలోంచి కార్డు తీసి ఇచ్చింది. నీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా, కాగితం సంచిలో పెట్టుకుంది. కార్డు లేకపోతే గేటు తెరుచుకోదు. పింకీ వచ్చి తన కార్డు పెట్టి తెరిచింది.

షేర్ ఆటోల దగ్గర జనం ఉన్నారు. 6:20కి రామాంజనేయులు ఫోన్ చేశాడు.

"మేడమ్, గురువారం స్టాపు తీసేసినట్టు మెసేజ్ వచ్చిందండి. పొరపాటా?"

"కాదు. తీసేశారు."

"నేనిక్కడ మార్కెట్ దగ్గరే ఉన్నానని ఎల్లి సుబ్బలక్ష్మి గారికి చెప్పేశానండి. మీకు ముందు చెప్పాల్సింది."

"ఏమన్నారు?"

"అవునా అన్నారండి. అలాగే అవుద్దనుకున్నాను అన్నారు. కాసేపాగి, మీ షిఫ్ట్ ఎన్నింటికి అయిపోద్దో కనుక్కోమన్నారండి."

ఒక ఆటో నిండి కదిలింది. వెనకది ముందుకు వచ్చి ఆగింది.

"ఆరింటికి," అంది రసజ్ఞ.

"ఇప్పుడు ఆరూ ఇరవై దాటింది కదండీ."

"అవును."

"చెప్తానండి. నంబరు ఇమ్మంటే ఇవ్వనా?"

"ఆవిడ దగ్గర ఉంది."

రామాంజనేయులు పెట్టేశాడు. రెండో ఆటో డ్రైవరు ఒక్క సీటుందని ఆమెను పిలిచాడు. ఆమె ఎక్కలేదు. అది వెళ్ళింది. మూడోది కూడా నిండి వెళ్ళింది.

6:31కి ఫోన్ మోగింది. తెర మీద ఉన్నది ఫారంలో అక్క రాసిన నంబరు.